గ్రౌండ్ వదలకుండా డిగ్రీ గట్టెక్కడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం కాలేజీ ఆటగాళ్ల కోసం

ఆటల్లో పడితే చదువు పోతుందని ఇంట్లో అంటారు. చదువులో పడితే ఫామ్ పోతుందని గ్రౌండ్‌లో అంటారు. మధ్యలో ఉన్న నీకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. మన రెండు జిల్లాల్లో ఆడుతూ చదువుకునే పిల్లల్ని చాలాకాలంగా దగ్గర నుంచి చూస్తున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తాను. రోజూ టైం సరిపోక దెబ్బతినేవాళ్లు తక్కువ. పొద్దున గంటన్నర, సాయంత్రం రెండు గంటలు గ్రౌండ్‌కి ఇచ్చినా చదువుకి టైం మిగులుతుంది, ఫోన్ కాస్త పక్కన పెడితే ఇంకా మిగులుతుంది. అసలు దెబ్బ తగిలేది ఏడాదిలో ఓ నాలుగైదు వారాల్లోనే. యూనివర్సిటీ సెలక్షన్సూ మిడ్ పరీక్షలూ ఒకే వారంలో వచ్చి పడతాయి, దక్షిణాది యూనివర్సిటీల మధ్య జరిగే సౌత్ జోన్ మ్యాచ్‌కి రైలెక్కే రోజే ల్యాబ్ ఎక్స్‌టర్నల్ ఉంటుంది, కోచ్ ఒకవైపు మేడమ్ ఒకవైపు లాగుతారు. ఆ వారాలు ఆకాశం నుంచి ఊడిపడవు. సెమిస్టర్ మొదట్లోనే కనిపిస్తాయి, చూసుకుంటే.

అందుకే ఈ రాసేదంతా ఎక్కువగా ఆ వారాల గురించే. రోజూ తెల్లారి నాలుగింటికి లేవమనే సలహాలు నువ్వు ఇప్పటికే చాలా వినుంటావు.

రెండు క్యాలెండర్లు, ఒకే కాగితం

సెమిస్టర్ మొదలవగానే అకడమిక్ క్యాలెండర్ వస్తుంది, నోటీసు బోర్డు మీదకో క్లాసు వాట్సాప్ గ్రూపులోకో. అందరూ దసరా సెలవులు ఎన్నాళ్లో చూసి వదిలేస్తారు. నువ్వు చూడాల్సింది మొదటి మిడ్, రెండో మిడ్, ప్రాక్టికల్స్, సెమిస్టర్ చివరి పరీక్షలు. ఈ నాలుగూ ఒక తెల్లకాగితం మీద వారాల వారీగా రాసుకో. అదే కాగితం పట్టుకుని పీడీ సార్ (ఫిజికల్ డైరెక్టర్) దగ్గరికి వెళ్లు. ఈ ఏడాది మన గేమ్ ఇంటర్ కాలేజియేట్ ఏ నెలలో ఉండొచ్చు, ఏ కాలేజీ నిర్వహిస్తోంది, యూనివర్సిటీ టీమ్‌కి సెలెక్ట్ అయితే కోచింగ్ క్యాంపు ఎన్ని రోజులు, జోనల్ ఎప్పుడు అని అడుగు. తేదీలు ఖరారు కాకపోయినా పీడీ సార్‌కి నెల తెలుస్తుంది, ఆయన ఏళ్ల తరబడి టీమ్‌లను తీసుకెళ్తున్నారు కదా.

మామూలుగా కాలేజీల మధ్య పోటీలు వర్షాలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మొదలవుతాయి, ఆ తర్వాత యూనివర్సిటీల మధ్య జోనల్, ఆలిండియా మ్యాచ్‌లు చలికాలమంతా నడుస్తాయి. మొదటి సెమిస్టర్ పరీక్షలు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. నీ కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉందో కూడా చూసుకో. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ యూనివర్సిటీ క్యాలెండర్ వేరు, ఆంధ్రా యూనివర్సిటీది వేరు, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడది వేరు. అటానమస్ కాలేజీ అయితే దాని లెక్క దానిదే. పక్క కాలేజీలో ఆడే స్నేహితుడు చెప్పిన తేదీలు నమ్ముకుని కూర్చోకు.

మన ఊళ్ల పండగలు కూడా ఆ కాగితం మీదే ఉండాలి. విజయనగరం వాళ్లకి దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, శ్రీకాకుళం వాళ్లకి రథసప్తమికి అరసవల్లి. ఇంటికి చుట్టాలొస్తారు, బస్సులు కిక్కిరిసిపోతాయి, ఆ రోజుల్లో చదువుతాననుకోవడం ఉత్త మాట. ఉభాల రోజుల్లో ఏ రైతూ ఇంటికి సున్నాలు వేయించే పని పెట్టుకోడు, ఏ వారం ఏ పనికో ముందే తెలుసు కాబట్టి. నీ కాగితం కూడా అందుకే.

చదువూ ఆటా ఒకే వారంలో పడిన చోట ఎర్ర గీత పెట్టు. ఒక సెమిస్టర్‌లో రెండో మూడో వస్తాయి. ఎర్ర వారంలో చదవాల్సిన సిలబస్ అంతకుముందు మూడు వారాల్లోకి జరిపేయ్. ముందుకి జరపాలి, వెనక్కి కాదు. టోర్నమెంట్ నుంచి వచ్చాక చదువుకుంటాననే వాళ్లని చాలామందిని చూశాను. వచ్చాక ఒళ్లు నొప్పులు, గెలిస్తే సన్మానాలు, ఓడితే దిగులు, వారం పోతుంది.

హాజరు లెక్క ముందే వేసుకో

ఇది చాలామంది పట్టించుకోరు, హాల్ టికెట్ ఆగాక ఏడుస్తారు. లెక్క చిన్నదే. సెమిస్టర్‌లో 90 పనిదినాలు అనుకుందాం. 75 శాతం హాజరు కావాలంటే నువ్వు పోగొట్టుకోగలిగింది 22 రోజులు. ఇప్పుడు ఆట లెక్క చూడు. ఇంటర్ కాలేజియేట్‌కి మూడు రోజులు, యూనివర్సిటీ క్యాంపు పది రోజులు, సౌత్ జోన్ తమిళనాడులోనో కేరళలోనో అయితే రానూపోనూ రైలుతో కలిపి ఎనిమిది రోజులు. మొత్తం 21. అంటే మిగిలింది ఒక్క రోజు. జ్వరం వచ్చినా, అక్క పెళ్లయినా ఆ ఒక్క రోజులోనే సర్దుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివేవాళ్లకి హాజరు తగ్గితే ఆ డబ్బుకీ చిక్కొస్తుంది, మన దగ్గర ఎక్కువమంది అలా చదివేవాళ్లే.

కాబట్టి కాలేజీ తరఫున ఆడిన ప్రతి రోజూ ఓడీ (ఆన్ డ్యూటీ) కింద, అంటే హాజరైనట్టే, పడాలి. పడుతుందిలే అని ఊరుకుంటే పడదు. దానికి కాగితం నడవాలి, ఆ కాగితాన్ని నువ్వే నడిపించాలి.

లెటర్ వెళ్లేముందే పెట్టాలి, వచ్చాక కాదు. అందులో నీ పేరు, హాల్ టికెట్ నంబర్, గ్రూపు, సెక్షన్, టోర్నమెంట్ పేరు, ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నీ ఉండాలి. ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు. మ్యాచ్ తేదీలు మాత్రమే రాస్తారు, ప్రయాణం రోజులు వదిలేస్తారు. కేరళలో నాలుగు రోజుల టోర్నమెంట్ అంటే వెళ్లడానికి, రావడానికి కలిపి ఇంకో మూడు నాలుగు రోజులు. అవి రాయకపోతే ఆబ్సెంటే. రైలు టికెట్ కాపీ జత చేయి. యూనివర్సిటీ పంపిన సెలక్షన్ లిస్టు జత చేయి, అందులో నీ పేరు కింద పెన్సిల్‌తో గీత పెట్టు, చూసేవాళ్లకి వెతుక్కునే పని ఉండదు. ఆ తేదీల్లో నీకు ఏ ల్యాబ్, ఏ మిడ్, ఏ అసైన్‌మెంట్ పోతున్నాయో కింద రెండు వాక్యాలు రాయి. పీడీ సార్ సంతకం, హెచ్‌ఓడీ సంతకం, ప్రిన్సిపాల్ గారి సంతకం, ఆ వరసలోనే తీసుకో. సంతకాలన్నీ అయ్యాక జిరాక్సులు తీయించి ఒకటి ఆఫీసులో, ఒకటి డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చి, ఒకటి నీ దగ్గర ఉంచుకో. తిరిగొచ్చాక పార్టిసిపేషన్ సర్టిఫికెట్ కాపీ పట్టుకెళ్లి అదే లెటర్‌కి కలిపించు. నెలాఖరులో హాజరు లిస్టు పెట్టినప్పుడు నీ రోజులు ఎక్కాయో లేదో చూసుకో. ఎక్కకపోతే ఆ వారంలోనే అడుగు. సెమిస్టర్ ఆఖర్లో అడిగితే రిజిస్టర్లు ఎక్కడున్నాయో వాళ్లకే గుర్తుండదు.

ఓడీ ఎన్ని రోజుల దాకా ఇస్తారు, కండోనేషన్‌కి, అంటే తగ్గిన హాజరుని మన్నించడానికి, కనీసం ఎంత శాతం ఉండాలి అనేవి నీ యూనివర్సిటీ రెగ్యులేషన్స్ పుస్తకంలో రాసి ఉంటాయి. సీనియర్ చెప్పాడని నమ్మకు, ఆ పేజీ నువ్వే చదువు. బ్యాచ్ బ్యాచ్‌కీ రూల్స్ మారుతుంటాయి.

లెక్చరర్లతో మాట్లాడటం

మన పిల్లలకి మొహమాటం ఎక్కువ. గ్రౌండ్‌లో ఎంత గట్టిగా అరుస్తారో స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర అంత నంగిగా నిలబడతారు. చాలామంది లెక్చరర్లకి ఆట మీద కోపం ఉండదు. చెప్పకుండా మాయమైపోయి పరీక్ష ముందు రోజు ప్రత్యక్షమైతే కోపం వస్తుంది. సెమిస్టర్ మొదటి రెండు వారాల్లోనే ఒకసారి వెళ్లి, "మేడమ్, నేను యూనివర్సిటీ కబడ్డీ సెలక్షన్స్‌కి వెళ్తానండి, అక్టోబరులో పది రోజులు ఉండకపోవచ్చు, ఆ లోపల ఏ యూనిట్ అవుతుందో చెప్తే ముందే చదువుకుంటానండి" అని అడిగి చూడు. ఇలా అడిగిన పిల్లని కాదన్న లెక్చరర్‌ని నేను చూడలేదు.

థియరీ క్లాస్ పోతే నోట్స్ దొరుకుతాయి, యూట్యూబ్‌లో పాఠం దొరుకుతుంది, స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల సైట్లలో ఉచితంగా పెద్ద పెద్ద ప్రొఫెసర్ల వీడియోలే ఉన్నాయి. ల్యాబ్ అలా కాదు. టైట్రేషన్ చేయి తిరగాలంటే బ్యూరెట్ పట్టుకోవాల్సిందే. అందుకని ల్యాబ్ పోయే వారం ఉంటే అదే ప్రయోగం వేరే బ్యాచ్‌కి ఏ రోజు ఉందో కనుక్కుని, ముందుగానే ఆ బ్యాచ్‌తో చేస్తానని అడుగు. ల్యాబ్ అసిస్టెంట్‌తో మంచిగా ఉండు, ఆయన తలుచుకుంటే సగం చిక్కులు తీరతాయి. రికార్డు మాత్రం వెనకపడనీయకు. ఏ వారం ప్రయోగం ఆ వారమే రాసి సంతకం పెట్టించేసుకో. టోర్నమెంట్ నుంచి వచ్చి ఒక్క రాత్రిలో రికార్డంతా కాపీ కొట్టే కుర్రాళ్లకి ఎక్స్‌టర్నల్ వైవాలో ఒక్క ప్రశ్నకీ జవాబు రాదు, మార్కులు అక్కడే పోతాయి.

క్లాసులో ఒక మంచి స్నేహితుణ్ణి చూసుకో, అదీ ఆటకి రాని స్నేహితుణ్ణి. మీ టీమ్ వాళ్లంతా నీతోపాటే గ్రౌండ్‌లో ఉంటారు, నోట్స్ ఎవరూ రాయరు.

మామూలు రోజులు

మన దగ్గర ఇంకో తంటా ఉంది. చాలామంది ఊళ్ల నుంచి వచ్చి పోయేవాళ్లు. పొందూరు నుంచో చీపురుపల్లి నుంచో ప్యాసింజర్‌లో, నెల్లిమర్ల వైపు నుంచి ఆటోల్లో, పాలకొండ వైపు నుంచి ఆర్టీసీ బస్సులో. ప్రాక్టీసు కోసం సాయంత్రం ఉండిపోతే ఇంటికి చేరేసరికి ఎనిమిది, అన్నం తినేసరికి కళ్లు మూసుకుపోతాయి. ఇలాంటి వాళ్లకి రాత్రి పది దాకా చదువు అని చెప్పడం అన్యాయం. సాయంత్రం ప్రాక్టీసు తర్వాత కష్టమైన సబ్జెక్టు పెట్టుకోకు, బుర్రకి ఎక్కదు. లెక్కలు, అకౌంట్స్, ప్రోగ్రామింగ్ లాంటివి కాలేజీలో మధ్యాహ్నం ఖాళీ పీరియడ్లో, లైబ్రరీలో కూర్చుని చేసేయ్. నలభై నిమిషాలు చాలు, రోజూ అయితే. ఖాళీ పీరియడ్లో క్యాంటీన్ మానేయమని అనట్లేదు, అన్ని ఖాళీ పీరియడ్లూ క్యాంటీన్‌కి ఇవ్వొద్దంటున్నాను.

బస్సులో, రైల్లో చదవాల్సింది తేలికైనది. ముందు రోజు పాఠం మళ్లీ చూసుకోవడం, నిర్వచనాలు, సూత్రాలు, బిట్లు. సీటు దొరక్కపోతే నిలబడి చదవడానికి వీలుగా చిన్న పాకెట్ నోట్‌బుక్ ఒకటి పెట్టుకో. టోర్నమెంట్‌కి వెళ్లే దూరం రైల్లో అయితే అసలు వదలకు. వెళ్లేటప్పుడు అందరూ హుషారుగా పాటలు, పేకాట. మొదటి పూట వాళ్లతో ఉండు, రెండో పూట పై బెర్త్ ఎక్కి రెండు గంటలు చదువు. బ్యాగులో లావు టెక్స్ట్ పుస్తకాలు వద్దు, ఎలాగూ తీయవు. పోయే యూనిట్ల జిరాక్సు, ఒక పెన్ను, అంతే. మ్యాచ్‌లు మొదలయ్యాక చదువు గురించి ఆలోచించకు. మ్యాచ్ ముందు రాత్రి పుస్తకం తీసి టెన్షన్ పడితే అటు మ్యాచ్ పోతుంది, ఇటు చదివిందీ ఉండదు.

ప్రాక్టీసు గంటలకి కూడా ఒక హద్దు ఉండాలి. అమెరికాలో కాలేజీ ఆటలు కోట్ల డాలర్ల వ్యవహారం, అక్కడ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ కూడా సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు మించి ప్రాక్టీసు పెట్టకూడదని, వారంలో ఒక రోజు పూర్తిగా సెలవు ఇవ్వాలని రూలు పెట్టింది. మన దగ్గర అలాంటి రూలు లేదు, కాబట్టి నువ్వే పెట్టుకోవాలి. వారంలో ఒక రోజు గ్రౌండ్ మొహం చూడకు. ఆ రోజు ఒంటికి విశ్రాంతి, వారంలో మిగిలిపోయిన చదువుకి మూడు గంటలు. కోచ్ ఒప్పుకోకపోతే ఆయనకి ఎర్ర గీతలున్న నీ కాగితం చూపించు.

నిద్ర ఏడు గంటలు తగ్గకూడదు, ఎనిమిదైతే మంచిది. కండరం కోలుకునేదీ, చదివింది బుర్రలో కుదురుకునేదీ నిద్రలోనే. నిద్ర తగ్గించి చదివేవాడికి రెండూ పోతాయి, గాయాలు కూడా త్వరగా అవుతాయి.

పరీక్షల నెలలో ఆట మానేయాలా?

మానేయకు. తగ్గించు. పరీక్షలని నెల రోజులు గ్రౌండ్‌కి రాకుండా, తర్వాత ఒక్కసారిగా పాత స్పీడ్‌తో దిగినవాళ్లకే తొడ కండరాలు పట్టేస్తాయి. దమ్ము రెండు మూడు వారాలకే తగ్గడం మొదలవుతుంది, బలం కాస్త ఎక్కువకాలం నిలుస్తుంది. మంచి సంగతి ఏమిటంటే, సంపాదించుకున్న ఫిట్‌నెస్ నిలబెట్టుకోవడానికి అది సంపాదించడానికి పడినంత కష్టం అక్కర్లేదు. వారానికి రెండుసార్లు వెళ్లినా చాలు, వెళ్లిన ఆ రెండుసార్లూ మాత్రం గట్టిగా చేయాలి. టైం తగ్గించు, తీవ్రత తగ్గించకు. పరుగు పెట్టేవాడైతే మెల్లగా పది రౌండ్లు కొట్టే బదులు వేగంగా చిన్న స్ప్రింట్లు. వెయిట్‌లిఫ్టర్ అయితే సెట్లు సగం చేసి బరువు దగ్గరదగ్గరగా అలాగే ఉంచుకోవాలి. కబడ్డీ, వాలీబాల్ వాళ్లకి అరగంట పని. పరీక్ష ఉన్న రోజు సాయంత్రం వెళ్తే బుర్ర కూడా తేలికవుతుంది, మర్నాటి పరీక్షకి బాగా కూర్చుంటావు.

సెలక్షన్సూ పరీక్షా నిజంగానే ఒకే రోజు పడితే? అప్పుడు ఏది వదలాలి? నా మాట సూటిగా చెప్తాను. మిడ్ పరీక్ష అయితే ముందే అడిగి మళ్లీ రాసే అవకాశం ఏమైనా ఉందేమో కనుక్కుని సెలక్షన్స్‌కి వెళ్లు. సెమిస్టర్ చివరి పరీక్ష, అదీ ఒక్కటే సబ్జెక్టు, ఎదురుగా యూనివర్సిటీ టీమ్‌లో చోటు ఉంటే సప్లీ రాసుకోవచ్చు, ఆ ఒక్కటి వదిలి వెళ్లినా తప్పులేదు. ఊళ్లో సంక్రాంతికి పెట్టే టోర్నమెంట్ కోసమో, పది వేల ప్రైజ్ మనీ కోసమో పరీక్ష వదిలితే మాత్రం ఒప్పుకోను. ఆ సర్టిఫికెట్ రేపు ఏ ఆఫీసులోనూ పనికిరాదు. ఇప్పటికే రెండు మూడు సబ్జెక్టులు మిగిలి ఉన్నవాళ్లు అయితే ఈ సెమిస్టర్‌కి ఒకే ఒక్క టోర్నమెంట్ ఎంచుకోండి, మిగతావాటికి పేరు ఇవ్వొద్దు.

తిండి, మందులు

తిండి మన ఇళ్లలోనే ఉంది. చోడి అంబలి, ఉడకబెట్టిన ఉలవలు, రెండు గుడ్లు, అరటిపళ్లు, పప్పు, పెరుగన్నం, వీలైతే చేపలు. హాస్టల్లో ఉండేవాళ్లు ప్రాక్టీసు అయిన గంటలోపల ఏదో ఒకటి తినేలా వేరుశనగలు, అరటిపళ్లు గదిలో పెట్టుకోవాలి, మెస్ తలుపు తెరిచే దాకా ఆకలితో ఉండకూడదు. మన సముద్రపు గాలికి చెమట విపరీతంగా పడుతుంది కాబట్టి మజ్జిగలో ఉప్పేసుకుని తాగడం మర్చిపోకు.

డబ్బాల పొడుల జోలికి, ఎవడో జిమ్‌లో ఇచ్చిన మాత్రల జోలికి పోకు. పరీక్షల ముందు నిద్ర రాకుండా మాత్రలు వేసుకునేవాళ్లూ ఉన్నారు, వాటిలో కొన్ని డోపింగ్ నిషేధిత జాబితాలోవే. జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా మ్యాచ్ రోజుల్లో ఒక మోతాదు దాటితే నిషేధమే. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు నేను ఆటగాణ్ణి అని ముందే చెప్పు. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ నుంచి వెళ్లిన మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో ముందు కాంస్యమే వచ్చింది. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికిపోయాక అది రజతం అయింది. ఆ నైజీరియా అమ్మాయికి అప్పటికి పదహారేళ్లు, డిగ్రీలో చేరే వయసు కూడా కాదు.

ఆడపిల్లలకి, వాళ్ల ఇంట్లో వాళ్లకి

ఆడపిల్లల్ని ఆటలకి పంపడం అమలాపురం నుంచో హైదరాబాద్ నుంచో నేర్చుకోవాల్సిన పని మనకి లేదు. ఆమదాలవలస పక్కన వూసవానిపేట నుంచి వెళ్లి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. అయినా మన ఇళ్లలో ఆడపిల్లకి ఒక్క సబ్జెక్టు పోయిందంటే ముందు ఆపేది గ్రౌండే. చెల్లీ, అందుకే నువ్వు మార్కుల విషయంలో ఇంట్లో ముందే మాట తీసుకో. "ఏ సబ్జెక్టూ మిగల్చను, నన్ను గ్రౌండ్‌కి పంపండి" అని. ఆ మాట నిలబెట్టుకుంటే నాన్నగారే బస్సు ఎక్కిస్తారు.

అమ్మలకి, నాన్నలకి కూడా ఒక మాట. టోర్నమెంట్‌కి పంపాలంటే భయం ఉంటుంది, ఉండటం న్యాయమే. టీమ్‌తో లేడీ మేనేజర్ వస్తున్నారో లేదో, ఎక్కడ ఉంచుతారో, ఏ రైలో పీడీ గారిని నేరుగా అడగండి. అడగడం మీ హక్కు, చెప్పడం వాళ్ల బాధ్యత. అవన్నీ సరిగ్గా ఉన్నాక మాత్రం పంపండి, ఆఖరి నిమిషంలో ఆపొద్దు. ఒక్కరు ఆగినా కబడ్డీ టీమ్ కుంటుపడుతుంది. ఇంటికొచ్చిన అమ్మాయి ప్రాక్టీసు చేసి, కాలేజీ చేసి, అంట్లు కూడా తోమి చదవాలంటే కుదరదు. పరీక్షలు, సెలక్షన్సు ఉన్న ఆ కొద్ది వారాలైనా ఇంటి పని తమ్ముడికి అప్పగించండి.

పతకానికి డిగ్రీ ఎందుకు కావాలి

ఆటలో బాగా పైకి వెళ్తే చదువుతో పనేముంది అనుకునేవాళ్ల కోసం ఇది. రైల్వే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ తీసి చూడు. పదో తరగతితో జీతం లెవెల్ 1, ఇంటర్‌తో లెవెల్ 2, 3, డిగ్రీ ఉంటేనే లెవెల్ 4, 5. ఒకే టీమ్‌లో ఆడిన ఇద్దరికి జీతంలో అంత తేడా రావచ్చు. మన రాష్ట్రంలో ఉద్యోగాల్లో క్రీడా కోటా 2 నుంచి 3 శాతానికి పెరిగింది, 2025 మెగా డీఎస్సీలో 421 పోస్టులు ఆ కోటా కింద పెట్టారు. వాటికీ ఆ పోస్టుకి తగిన చదువు ఉండాల్సిందే. పతకాలు సంచీ నిండా ఉండి బీఈడీ లేక, బీపీఈడీ లేక దూరంగా నిలబడిపోయేవాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పాత రోజుల్లోనే కోడి రామ్మూర్తి నాయుడు అంతటి మల్లుడు మద్రాసు సైదాపేటకి వెళ్లి వ్యాయామ శిక్షణ పూర్తిచేసి వచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేశారు. ఏనుగుని ఛాతీ మీద నిలబెట్టుకున్న మనిషి చేతిలో కూడా ఒక అర్హత పత్రం ఉంది.

అందుకని సర్టిఫికెట్ల ఫైలు ఇప్పుడే పెట్టు. పదో తరగతి మెమో పైన ఉండాలి, పుట్టిన తేదీకి ప్రతి టోర్నమెంట్‌లోనూ అదే అడుగుతారు. ఎలిజిబిలిటీ ప్రొఫార్మా కాపీలు, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, ఫోటోలు, ఆడిన ప్రతి టోర్నమెంట్ సర్టిఫికెట్. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, ఆట సర్టిఫికెట్లో పేరు ఒకేలా ఉందో లేదో అందుకున్న రోజే చూడు. ఇంటిపేరు పొట్టిగా రాశారనో, అక్షరం తప్పుపోయిందనో ఉద్యోగం వచ్చే వేళకి తిరిగే తిరుగుడు అంతా ఇంతా కాదు. ప్రతిదీ ఫోన్‌లో స్కాన్ చేసి మెయిల్‌లో దాచుకో.

కోర్సు మారాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆటకి టైం చాలట్లేదని రెగ్యులర్ డిగ్రీ వదిలేసి దూరవిద్యలో చేరేవాళ్లు ఉంటారు. యూనివర్సిటీల మధ్య పోటీలు నిర్వహించే ఏఐయూ పూర్తికాలం రెగ్యులర్‌గా చదివే విద్యార్థుల్నే ఆడనిస్తుంది. దూరవిద్యకి మారిన రోజే యూనివర్సిటీ జెర్సీ పోతుంది. వయసు కూడా 17 నుంచి 25 మధ్యే. అంటే డిగ్రీ మూడేళ్లలో ఆటకి సరైన టైం దొరకలేదని కంగారు పడక్కర్లేదు, డిగ్రీ పాసై రెగ్యులర్‌గా పీజీలోనో బీపీఈడీలోనో చేరితే ఇంకో రెండేళ్లు ఆడొచ్చు. కానీ ఆ సీటు రావాలంటే డిగ్రీ ఏ సబ్జెక్టూ మిగలకుండా అవ్వాలి. ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడే పాత సెమిస్టర్ల మెమోలు తీసి, ఎక్కడైనా సప్లీ మిగిలి ఉంటే దాని ఫీజు ఆఖరు తేదీ కనుక్కోండి. టోర్నమెంట్‌లో ఉండగా ఆ తేదీ దాటిపోతే ఇంకో ఆరు నెలలు ఆగాలి, అందుకే వెళ్లేముందే ఫీజు కట్టి రసీదు ఆ ఫైల్లో పెట్టండి.